సమాధి దిబ్బలను బట్టి సిథియన్లలో ఎవరు పైన, ఎవరు కింద అని తేల్చడం ఎలా?

నల్ల సముద్రానికి ఉత్తరాన గడ్డిమైదానాల్లో రెండు వేల ఏళ్లకు పైగా క్రితం బతికిన గుర్రపు జనం సిథియన్లు. చనిపోయినవాళ్ల మీద మట్టి దిబ్బలు పోసేవాళ్లు. వాళ్ల పేరు చెప్పగానే బంగారం గుర్తొస్తుంది. కీవ్‌లోనూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలోనూ అద్దాల వెనుక మెరిసే కంటెలు, దువ్వెనలు, అమ్ములపొది తొడుగులు. ఆ ఫొటోలు నాలుగు చూస్తే చాలు, రాజు, దొరలు, యోధులు, బానిసలు అని నాలుగు మెట్లు గీసేయాలనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే ఒక చార్టు గీశాను. పైన ఉక్రెయిన్‌లోని చెర్తోమ్లిక్ అనే మహా దిబ్బలోని రాజును పెట్టాను, కింద రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అట్టడుగున ఎవరున్నారో తెలియకుండా పైవాడు ఎంత ఎత్తున ఉన్నాడో చెప్పడం కుదరదని అప్పుడు అర్థమైంది. అందుకే ఈ పద్ధతిని బంగారంతో కాకుండా మామూలు మనిషి గోతితో మొదలుపెడుతున్నాను.

దీనికి తవ్వకాలు చేయనక్కరలేదు. అచ్చయిన తవ్వకాల రిపోర్టులు, మ్యూజియం జాబితాలు, ఒక ఎక్సెల్ షీట్ ఉంటే చాలు. ఓపిక మాత్రం బాగా కావాలి.

1. ముందు హద్దు గీసుకోండి

సిథియన్లు అనే పేరును జనం రెండు రకాలుగా వాడతారు. నల్ల సముద్రానికి ఉత్తరాన, ముఖ్యంగా ద్నీపర్ నది చుట్టుపక్కల గడ్డిమైదానాల్లో, క్రీ.పూ. 7వ శతాబ్దం నుంచి 3వ శతాబ్దం వరకు ఉన్నవాళ్లు అసలు సిథియన్లు. అక్కడి నుంచి తూర్పున దక్షిణ సైబీరియాలోని ఆల్టాయ్, తువా దాకా ఇంచుమించు అలాంటి గుర్రపు సామగ్రితో, అలాంటి జంతువుల బొమ్మలతో బతికిన జాతులన్నిటినీ కలిపి కూడా కొందరు సిథియన్లే అంటారు. పారశీకులు ఇలాంటి జాతులన్నిటినీ శకులు అనేవారు. మన పంచాంగంలోని శాలివాహన శకం పేరులో ఇప్పటికీ ఉన్నది ఆ మాటే.

మీ షీట్‌లో మాత్రం వీళ్లను కలపకండి. తువాలోని అర్జాన్ దిబ్బకూ ద్నీపర్ ఒడ్డున ఉన్న చెర్తోమ్లిక్‌కూ మధ్య కొన్ని వేల కిలోమీటర్ల దూరం, నాలుగైదు వందల ఏళ్ల తేడా ఉన్నాయి. రెంటినీ ఒకే నిచ్చెన మీద పెడితే ఆ నిచ్చెన ఏ సమాజానిదీ కాకుండా పోతుంది. పోలిక కోసం తూర్పు ఉదాహరణలు తెచ్చుకోవచ్చు, లెక్కలోకి మాత్రం రానివ్వొద్దు. ఒకే ప్రాంతం, వీలైతే ఒకే శతాబ్దం ఎంచుకోండి. మొదటిసారి చేసేవాళ్లకు క్రీ.పూ. 4వ శతాబ్దపు కింది ద్నీపర్ ప్రాంతం బాగుంటుంది. పెద్ద దిబ్బలూ, మామూలు శ్మశానాలూ రెండూ అక్కడే బాగా దొరుకుతాయి.

2. మామూలు మనిషి గోతితో మొదలుపెట్టండి

ద్నీపర్ ఒడ్డున మమాయ్-హోరా అనే చోట పెద్ద సిథియన్ శ్మశానం ఉంది. అక్కడ రాజులు లేరు. ఇలాంటి చోట్ల దొరికే సమాధులను యాభై దాకా చదివితే ఒక తరహా కళ్లకు కడుతుంది. మీటరో రెండు మీటర్లో ఎత్తున్న దిబ్బ, చాలాసార్లు దున్నేయడంతో అదీ చదునైపోయి ఉంటుంది. కింద ఒక గొయ్యి, గోతి పక్క గోడలోకి తొలిచిన చిన్న గది. అందులో ఒక మనిషి. తల దగ్గరో పక్కనో గొర్రెదో ఆవుదో మాంసం ముక్క పెట్టి ఉంటుంది. మాంసం పోయింది, ఎముకా దాని పక్కన ఇనుప కత్తీ మిగిలాయి. మగవాళ్ల దగ్గర తరచుగా కొన్ని కంచు బాణపు ములుకులు, అప్పుడప్పుడు ఒక బల్లెం. ఆడవాళ్ల దగ్గర పూసలు, కదురు బిళ్ల, కంచు అద్దం. కొన్నిటిలో గ్రీకు ద్రాక్షసారా కుండ.

ఇదే మీ కొలబద్ద. దీన్ని బట్టి చూస్తే పది బాణపు ములుకులు పెద్ద గొప్పేమీ కాదని తెలుస్తుంది. ఆయుధం కనబడగానే యోధుల వర్గం అని రాసేస్తారు కొందరు. ఆ సమాజంలో పశువులు కాసుకునే మామూలు మనిషి కూడా విల్లు పట్టేవాడు. విల్లు వల్ల హోదా రాదు. పొలుసుల కవచం, గ్రీకు శిరస్త్రాణం, బంగారు పిడి ఉన్న కత్తి కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. మామూలు గోతుల్లో అవి అరుదు.

షీట్‌లో ఒక వరుస ఒక దిబ్బకు కాకుండా ఒక మనిషికి ఇవ్వండి. ఈ చిన్న మార్పే చాలా తేడా తెస్తుంది. ఒకే దిబ్బలో రాజూ ఉంటాడు, ఆయన గుర్రాలవాడూ ఉంటాడు, వందేళ్ల తర్వాత అదే మట్టిలో పాతిపెట్టిన ఇంకో పేదవాడూ ఉండొచ్చు. ఒక్కో మనిషికీ వయసు, ఆడా మగా, దిబ్బలో ఎక్కడ, నడుమనా పక్కనా, గొయ్యి లోతు, గది కొలతలు, వస్తువులు, గుర్రాలు, దొంగలు పడ్డారా లేదా అని నిలువు గళ్లు పెట్టుకోండి.

3. ఎత్తు కాకుండా మట్టి కొలవండి

దిబ్బల గురించి రాసేవాళ్లంతా ఎత్తే చెబుతారు. చెర్తోమ్లిక్ ఇరవై మీటర్ల దాకా, ఆ ప్రాంతంలోదే అయిన సోలోఖా దిబ్బ సుమారు 18 మీటర్లు. ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. రెండు ఊహా దిబ్బలు తీసుకోండి. ఒకటి 2 మీటర్ల ఎత్తు, 30 మీటర్ల వ్యాసం. ఇంకోటి 8 మీటర్ల ఎత్తు, 70 మీటర్ల వ్యాసం. ఎత్తులో తేడా నాలుగు రెట్లే. బోర్లించిన గిన్నె ఆకారానికి ఘనపరిమాణం లెక్కగడితే మొదటిది సుమారు 700 ఘనపు మీటర్లు, రెండోది సుమారు 15,700. అంటే ఇరవై రెండు రెట్లు.

సూత్రం చెబుతాను. వ్యాసంలో సగం తీసుకుని వర్గం చేసి మూడుతో గుణించండి. దానికి ఎత్తు వర్గం కలపండి. వచ్చినదాన్ని ఎత్తుతో, ఆ తర్వాత 0.5236తో గుణించండి.

ఇక దీన్ని మనుషుల కష్టంలోకి మార్చండి. ఒక మనిషి రోజుకు 2 ఘనపు మీటర్ల మట్టి తవ్వి మోస్తాడని అనుకుందాం. చిన్న దిబ్బకు 350 పనిదినాలు పడతాయి. ముప్పై మంది బంధువులు పన్నెండు రోజుల్లో ముగిస్తారు. పెద్దదానికి 7,800 పైచిలుకు పనిదినాలు, వంద మంది రెండున్నర నెలలు చేయాలి. అంతమందిని అన్నాళ్లు పశువుల దగ్గర నుంచి లాక్కొచ్చి, తిండి పెట్టి, పని చేయించగలిగిన ఇల్లు మామూలు ఇల్లు కాదు. సమాధికి పడిన శ్రమను హోదాకు గుర్తుగా తీసుకోవడం 1970ల నుంచి పురావస్తు శాస్త్రంలో బాగా నడుస్తున్న పద్ధతి. రోజుకు రెండు అన్నది మీరు పెట్టుకున్న అంకె కాబట్టి ఆ సంగతి షీట్‌లోనే రాసిపెట్టండి. అంకె మారినా దిబ్బల మధ్య నిష్పత్తి మారదు, మనకు కావాల్సింది అదే.

మట్టి ఎక్కడిదో కూడా చూడండి. పెద్ద దిబ్బలను చాలాచోట్ల వదులు మట్టితో పోయలేదు. గడ్డి వేళ్లతో సహా పలకలుగా కోసిన నేలను తెచ్చి పేర్చారు. పశువులే ఆస్తిగా ఉన్న జనం అన్ని ఎకరాల మేతను గీకి ఒక మనిషి మీద కప్పారు. ఆ ఖర్చు ఘనపు మీటర్లలో కనిపించదు.

ఇంకో జాగ్రత్త. దిబ్బ ఒక్కసారే కట్టి ఉండకపోవచ్చు. సోలోఖాలో నడుమ ఒక సమాధి, పక్కన తర్వాతి కాలపు ఇంకో సమాధి ఉన్నాయి. మొత్తం ఘనపరిమాణాన్ని మొదటి మనిషి ఖాతాలో వేసేయకండి. రిపోర్టులో మట్టి పొరల నిలువుకోత బొమ్మ ఉంటుంది, ముందు దాన్ని చూడండి.

4. దొంగ ఎత్తుకుపోలేనివి లెక్కపెట్టండి

ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన మెట్టు ఇది. పెద్ద దిబ్బల్లో నడిమి గదులను చాలావరకు పాతకాలంలోనే దోచేశారు. సోలోఖా నడిమి సమాధి చాలావరకు ఖాళీ అయింది. 1912-13లో నికొలాయ్ వెసెలోవ్‌స్కీ తవ్వినప్పుడు దొరికిన ప్రసిద్ధ బంగారు దువ్వెన, దొంగల కంటపడని పక్క సమాధిలోది. 1971లో బొరిస్ మొజొలెవ్‌స్కీ తవ్విన తోవ్‌స్టా మొహిలా దిబ్బలోనూ నడిమి సమాధిని దొంగలు వదల్లేదు. కిలోకు పైగా బరువున్న బంగారు వక్షాభరణం మాత్రం గదికి వెళ్లే దారిలో వాళ్ల చేతికి చిక్కకుండా ఉండిపోయింది. అది కూడా పోయి ఉంటే, బంగారం తూచి హోదా కట్టేవాళ్లు ఆ మనిషిని ఎక్కడ పెట్టేవారో!

కాబట్టి బంగారం బరువును హోదాకు కొలతగా పెట్టుకోకండి. దొంగ మోసుకెళ్లలేనివి ఏమిటి? గొయ్యి లోతు. చెర్తోమ్లిక్‌లో అది పది మీటర్లకు పైనే, అడుగున నాలుగు మూలలా నాలుగు గదులు. దిబ్బ చుట్టూ రాతికట్టు, కందకం. గుర్రాలు, వాటి గోతులు. ఇంకా దినం భోజనాల ఎంగిలి.

ఆ ఎంగిలి విలువ చాలామందికి తెలియదు. తోవ్‌స్టా మొహిలా చుట్టూ ఉన్న కందకంలో గుర్రాల, అడవిపందుల, జింకల ఎముకలు, పగిలిన సారా కుండలు దొరికాయి. వాటిని లెక్కగట్టిన పరిశోధకులు మాంసం 6 టన్నులు దాటిందనీ, వెయ్యి మందికి పైగా తిని ఉంటారనీ అంచనా వేశారు. మనకైనా అంతే కదా, ఊళ్లో పెద్దమనిషి దినానికి ఎన్ని విస్తళ్లు లేచాయో అడిగితే ఆయన పలుకుబడి తెలిసిపోతుంది. లోపల పెట్టిన నగ ఇంటివాళ్లది. కందకంలో పడ్డ ఎముక వచ్చిన జనానిది. ఆ మనిషి వెనుక ఎంతమంది ఉన్నారో చెప్పేది ఈ రెండోదే.

షీట్‌లో దోచారు అన్న గడిని అవును, కాదు అని మాత్రమే నింపకండి. ఏ గదిని దోచారు, ఎంతవరకు అని రాయండి. దోచిన గదిలో వస్తువు లేకపోతే అక్కడ సున్నా వేయకుండా ఖాళీగా వదలండి. సున్నాకూ ఖాళీకీ తేడా చెరిగిపోతే తర్వాత చేసే లెక్కలన్నీ తప్పే.

5. వెంట పంపినవాళ్లను విడిగా చదవండి

పెద్దవాళ్లతో పాటు చంపి పాతిపెట్టిన మనుషులను రిపోర్టుల్లో సేవకులు, బానిసలు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. తొందరపడకండి. రాజుకు సేవ చేసేవాళ్లు పుట్టు సిథియన్లేననీ, కొనుక్కున్న బానిసలు వాళ్లకు లేరనీ, రాజు ఎవరిని పిలిస్తే వాళ్లు సేవకు రావాలనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. చెర్తోమ్లిక్‌లో గుర్రాల పక్కన పడుకోబెట్టిన గుర్రాలవాళ్ల మెడల్లో విలువైన లోహపు కంటెలున్నాయి. మమాయ్-హోరాలో స్వేచ్ఛగా బతికి చనిపోయిన మనిషికి ఆ కంటె లేదు. మరి ఎవరు పైన?

ఇక్కడ నిచ్చెన రెండుగా చీలుతుంది. ఒకటి ఎవరి దగ్గర ఎంత ఉంది అన్నది. రెండోది ఎవరి ప్రాణం ఎవరి చేతిలో ఉంది అన్నది. రాజు గుర్రాలవాడు మొదటి నిచ్చెన మీద పైన ఉన్నాడు, రెండోదాని మీద అట్టడుగున. ఈ రెంటినీ వేరువేరు గళ్లలో రాయండి. నన్ను అడిగితే, సిథియన్ సమాజం గురించి సమాధులు చెప్పే అతి ముఖ్యమైన సంగతి ఇదే.

ఒక మనిషిని వెంట పంపారా, లేక తర్వాత ఎప్పుడో చనిపోతే తెచ్చి పక్కన పెట్టారా అన్నది కూడా తేల్చాలి. గోతిని మళ్లీ తెరిచిన గుర్తులు, విడిగా ఉన్న ప్రవేశ దారి చూడండి. అదే సమయంలో, తలుపు దగ్గరో పెద్దమనిషి కాళ్ల దగ్గరో, సొంత గది లేకుండా పడుకోబెట్టి ఉంటే వెంట పంపారనడానికి బలం ఎక్కువ.

6. ఆడవాళ్లు, పిల్లలు

కత్తి ఉంటే మగ, అద్దం ఉంటే ఆడ అని రాసిన పాత రిపోర్టులు చాలా ఉన్నాయి. ఎముకలను చూడకుండా అలా రాసినవాటి ముందు ప్రశ్న గుర్తు పెట్టండి. రష్యాలోని దాన్ నది మధ్యప్రాంతంలో, వొరోనెజ్ దగ్గర దెవిత్సా అనే ఊరి వద్ద వలేరీ గుల్యాయెవ్ బృందానికి ఒకే సమాధిలో నలుగురు ఆడవాళ్లు దొరికారు. చిన్నదానికి పన్నెండు, పదమూడేళ్లు. పెద్దావిడకు యాభైకి దగ్గర, తల మీద బంగారు రేకుల శిరోభూషణం. వాళ్ల దగ్గర ఆయుధాలున్నాయి. తువాలో 1988లో తవ్విన ఒక పిల్ల యోధుడు, డీఎన్‌ఏ చూశాక పదమూడేళ్లు దాటని అమ్మాయి అని 2020లో తేలింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ పిల్ల అబ్బాయిగానే ఉండిపోయింది.

పిల్లల సమాధులను మాత్రం అస్సలు వదలకండి. తోవ్‌స్టా మొహిలా పక్క సమాధిలో ఒక యువతి, ఆమె దగ్గర పసిబిడ్డ. ఇద్దరి బట్టల నిండా బంగారు రేకులు. చుట్టూ పరిచారకులు. ఆ బిడ్డ ఏ యుద్ధం గెలిచింది, ఎన్ని మందలు సంపాదించింది? ఏమీ లేదు. అంత చిన్న ప్రాణానికి అంత మర్యాద జరిగిందంటే హోదా పుట్టుకతో వచ్చిందన్నమాట. సంపాదించుకున్న గౌరవమా, వంశం ఇచ్చిందా అన్న ప్రశ్నకు రాజు సమాధి ఎప్పటికీ జవాబు చెప్పదు. ఆ జవాబు పసిబిడ్డ సమాధి చెబుతుంది.

7. ఎముకను అడగండి

సమాధిలో వస్తువులు పెట్టింది బతికున్నవాళ్లు. వాళ్లు ఏం చూపించాలనుకున్నారో ఆ వస్తువులు చెబుతాయి. చనిపోయినవాడు ఎలా బతికాడో ఎముక చెబుతుంది. తిండీ నీళ్లూ ఎక్కడివో ఎముకలోని, పంటిలోని మూలకాలను బట్టి చెప్పే ఐసోటోపు పరీక్షల్లో ఉక్రెయిన్‌లోని సిథియన్ కాలపు జనంలో చాలామంది వరిగల్లాంటి చిరుధాన్యాలు బాగా తిన్నారనీ, చాలామంది పుట్టిన చోటికి దగ్గర్లోనే బతికారనీ, కొద్దిమందే దూరాలు తిరిగారనీ 2021లో అచ్చయిన పరిశోధన చూపించింది. అందరూ గుర్రాల మీద తిరిగే సంచారులే అన్న బొమ్మకు ఇది గట్టి సవరణ. మీ షీట్‌లో వ్యవసాయం చేసేవాళ్లకు చోటు లేకపోతే మళ్లీ మొదటికి వెళ్లండి. బిల్స్క్ లాంటి కోట ఊళ్లను, నికొపోల్‌కు ఎదురొడ్డున ఉన్న కమియన్‌స్కే ఊళ్లో ఇనుము పని జరిగిన ఇళ్లను కూడా చదవండి. కమ్మరి బతికిన చోటు దొరికింది. మరి ఆయన సమాధి ఏది అని వెతకడం మంచి అభ్యాసం.

8. హెరొడోటస్‌ను చివర్లో తెరవండి

ఆయన రాసిన చరిత్ర గ్రంథం నాలుగో పుస్తకంలో అంతా ఉంది. రాజు శరీరానికి మైనం పూసి, పొట్టలో సుగంధ ద్రవ్యాలు నింపి, బండి మీద తెగతెగకూ తిప్పడం, ఒక ఉంపుడుగత్తెనూ, గిన్నె అందించేవాణ్నీ, వంటవాణ్నీ, గుర్రాలవాణ్నీ, కబురు మోసేవాణ్నీ చంపి వెంట పంపడం, ఏడాది తర్వాత యాభై మంది యువకులనూ యాభై గుర్రాలనూ చంపి దిబ్బ చుట్టూ నిలబెట్టడం. ముందే చదివితే తవ్వకంలో కనిపించిన ప్రతి మనిషీ మీకు వంటవాడిగానో కబురువాడిగానో కనిపిస్తాడు. అందుకే షీట్ నింపాక తెరవమంటున్నాను.

తెరిచాక ఒక్కో మాటనూ పక్కన పెట్టి చూడండి. కొన్ని నిలబడతాయి. శత్రువుల చర్మంతో అమ్ములపొదులు చేసేవారన్న మాటను కట్టుకథ అనుకునేవారు. దక్షిణ ఉక్రెయిన్‌లోని సిథియన్ సమాధుల తోలు ముక్కలను పరీక్షిస్తే రెండు మనిషి చర్మమని 2023లో తేలింది. తువాలోని తున్నుగ్ దిబ్బ మీద గుర్రాల ఎముకలు, వాటితో మనిషి ఎముకలు దొరికాయని 2024లో ప్రకటించారు. చచ్చిన గుర్రాల కాపలా అన్న వర్ణనకు అది దగ్గరగా ఉంది. అయితే ఆ దిబ్బ హెరొడోటస్‌కు నాలుగు వందల ఏళ్ల ముందుది, చాలా దూరానిది. కొన్ని మాటలు నిలబడవు. రాజులు వెండీ కంచూ వాడరు, బంగారమే అన్నాడు. చెర్తోమ్లిక్‌లో దొరికిన ప్రసిద్ధ వస్తువు వెండి కూజా.

కాలం తేడా కూడా మర్చిపోకండి. ఆయన రాసింది క్రీ.పూ. 5వ శతాబ్దంలో. మనకు దొరికిన మహా దిబ్బల్లో ఎక్కువ భాగం 4వ శతాబ్దానివి. రాజ సిథియన్లు అనే పాలక తెగవాళ్లు మిగతా సిథియన్లను తమ బానిసలుగా చూస్తారని ఆయన రాసిన వాక్యం వందేళ్ల తర్వాతి సమాధులకు యథాతథంగా వర్తించదు.

9. మెట్లు గీయడం

ఇప్పుడు షీట్‌ను పనిదినాల ప్రకారం వరుసలో పెట్టండి. ముందే నాలుగు మెట్లని అనుకోకండి. అంకెలు ఎక్కడ ఒక్కసారిగా ఎగబాకుతాయో చూడండి. ఆ ఎగుడు దగ్గరే లోతు, గుర్రాలు, వెంట పంపిన మనుషులు కూడా మారితే అది నిజమైన మెట్టు. ఒక్కటే మారితే అది ఇంటింటి ఆచారం కావచ్చు.

తర్వాత పైవాళ్ల మధ్య సంబంధాలు వెతకండి. చెర్తోమ్లిక్, మెలితోపోల్, ఇలించ్, ప్యాతిబ్రాత్నీ దిబ్బల్లో దొరికిన బంగారు అమ్ములపొది తొడుగులు ఒకే అచ్చు మీద కొట్టినట్టున్నాయి. దూరదూరంగా ఉన్న నలుగురికి ఒకే గ్రీకు పనివాళ్ల శాల నుంచి ఒకే బొమ్మ చేరింది. ఎవరో పంచి ఉండొచ్చు, నలుగురూ ఒకే హోదా గుర్తును కోరి తెప్పించుకుని ఉండొచ్చు. మొదటిదైతే ఒక మహారాజు, కింద దొరలు. రెండోదైతే సమానులు. నాలుగు దిబ్బల పనిదినాలు పక్కపక్కన పెట్టి ఏ ఊహకు బలముందో చూడండి.

చివరగా ప్రతి మెట్టు పక్కనా ఎన్ని సమాధులను బట్టి ఆ మాట అన్నారో అంకె వేయండి. మూడు సమాధుల మీద నిలబడిన మెట్టును చుక్కల గీతతో గీయండి. మామూలు జనం మెట్టు దగ్గర మీ అంకె పైమెట్ల అంకెలన్నిటికంటే పెద్దదిగా ఉండాలి. లేకపోతే ఇంకో శ్మశానం రిపోర్టు తెచ్చుకుని పైన 2వ అంకె కింద చెప్పిన పని నుంచి మళ్లీ మొదలుపెట్టండి.